వాటా దాటిన పాటలు

1969 జనవరి 10. లండన్ శివార్లలోని ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో మధ్యాహ్న భోజనాల వేళ. షెడ్డులాంటి పెద్ద హాల్లో, సినిమా కెమెరాలు తిరుగుతుండగా, వారం రోజులుగా బీటిల్స్ కొత్త పాటల సాధనలో ఉన్నారు. నలుగురిలోకీ చిన్నవాడైన గిటారిస్టు జార్జ్ హారిసన్ తాను బృందం నుంచి వెళ్ళిపోతున్నానని మిగతావారితో చెప్పేశారు. పెద్ద రభస ఏమీ లేదు. చెప్పారు, ఇంటికి వెళ్ళిపోయారు. ఆ రోజే కూర్చుని ఒక పాట రాశారు. దాని పేరు 'వా-వా'. గిటార్ ధ్వనిని పసిపిల్ల ఏడుపులా సాగదీసే ఒక పెడల్‌కు ఆ పేరుంది. తల పగిలే రొద అన్నది కూడా హారిసన్ ఉద్దేశమే.

పన్నెండు రోజుల తర్వాత ఆయన తిరిగొచ్చారు. కొన్ని షరతులు పెట్టారు, అవి నెగ్గాయి. కానీ అసలు విషయం మాత్రం ఎక్కడున్నదక్కడే ఉంది. అది పాటల వాటా గొడవ.

ఉమ్మడి కుటుంబంలో చిన్న తమ్ముడి పరిస్థితి తెలిసినవారికి హారిసన్ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. పొలం అందరిదీ, ఇంటిపేరు అందరిదీ. పెత్తనం మాత్రం పెద్దవాళ్ళది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ కుర్రతనం నుంచీ జంటగా పాటలు కడుతున్నవారు. హారిసన్ 15 ఏళ్ళు నిండీ నిండకుండానే వాళ్ళ వెంట చేరిన పిల్లవాడు, లివర్‌పూల్ బస్సు కండక్టర్ కొడుకు. వాళ్ళ కళ్ళకు ఆయన చివరిదాకా ఆ పిల్లవాడిలాగే కనిపించారు. బృందం రికార్డులు వెలువరించిన ఏడెనిమిదేళ్ళలో హారిసన్ పాటలు 22 మాత్రమే వెలుగు చూశాయి. ఆల్బమ్‌కు ఒకటి, మహా అయితే రెండు. 'రివాల్వర్' (1966)లో మూడు దక్కడం ఒక విశేషం. 30 పాటలున్న 1968 నాటి తెల్ల అట్ట జంట ఆల్బమ్‌లో ఆయనకు దక్కినవి నాలుగు.

దీన్ని అన్యాయమని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. కానీ కథ అంత తేలిక కాదు. 1963లో బోర్న్‌మౌత్ హోటల్లో జ్వరమొచ్చి మంచం మీదున్నప్పుడు, తనకూ పాట కట్టడం వస్తుందో రాదో చూద్దామని హారిసన్ రాసిన మొదటి పాట అభ్యాసంలాగే ఉంటుంది. ఆ తర్వాత రెండు ఆల్బమ్‌లలో ఆయన పాటే లేదు. పక్కన ఇద్దరు దిట్టలు వారానికో ఆణిముత్యాన్ని తెచ్చి పడేస్తుంటే, వాటి మధ్య చోటు దక్కాలంటే పాట గట్టిదై ఉండాలి. ఆ గదిలో మూడోవాడిగా కూర్చోవడం అవమానమూ అయింది, పాఠశాలా అయింది. చిక్కల్లా చదువు పూర్తయిన సంగతిని మేష్టార్లు గుర్తించకపోవడంతోనే వచ్చింది.

ఇంట్లో చోటు లేని కుర్రాడు ఊళ్ళోకి పోయినట్టు, హారిసన్ మరో దారి వెతుక్కున్నారు. ఆ దారి భారతదేశానికి వచ్చింది. 'హెల్ప్' సినిమా సెట్లో అలంకారానికి పెట్టిన సితార్‌తో మొదలైన కుతూహలం 1966లో ఆయన్ను రవిశంకర్ ముందు కూర్చోబెట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో బొంబాయి వచ్చి శిష్యరికం చేశారు. అభిమానుల తాకిడికి అక్కడ నిలవలేక గురుశిష్యులు కాశ్మీర్ పడవ ఇంటికి తరలిపోవాల్సి వచ్చింది. 1968 జనవరిలో మళ్ళీ బొంబాయి వచ్చి, హెచ్.ఎం.వి. స్టూడియోలో మన వాద్యకారులతో 'వండర్‌వాల్' సినిమాకు సంగీతం రికార్డు చేశారు. సంతూర్ శివకుమార్ శర్మ అందులో ఉన్నారు. లెక్క ప్రకారం హారిసన్ పేరుతో వచ్చిన తొలి రికార్డు ఆ సినిమా సంగీతమే. అయితే అందులో ఆయన గొంతు వినిపించదు. ఆ మరుసటి ఏడాది సింథసైజర్‌తో చేసిన ప్రయోగం సంగతీ అంతే. పాటగాడిగా ఆయన సొంత పుస్తకం ఇంకా తెరుచుకోలేదు.

సితార్‌లో తాను ఎన్నటికీ విద్వాంసుణ్ణి కాలేనని ఆయనకు 1968లోనే అర్థమైంది. నీ మూలాలు ఎక్కడున్నాయని రవిశంకరే అడిగారు. హారిసన్ మళ్ళీ గిటార్ పట్టారు. ఆ ఏడాది నవంబరులో అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో బాబ్ డిలన్ ఇంట అతిథిగా ఉన్నారు. ఇద్దరూ కలిసి ఒక పాట కట్టారు. డిలన్ అంతటివాడు పక్కన కూర్చుని, నీ దగ్గరున్న శ్రుతులేమిటో చూపించమన్నాక, నెల తిరిగేసరికి ట్వికెన్‌హామ్‌లో ఎలా వాయించాలో మెకార్ట్‌నీ చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. జనవరి 10 నాటి నిర్ణయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

పీటర్ జాక్సన్ 2021లో విడుదల చేసిన 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీలో, 1969 జనవరి చివరినాటి ఒక సంభాషణ ఉంది. నాకొచ్చే వాటా ప్రకారమైతే రానున్న పదేళ్ళకు సరిపడా పాటలు ఇప్పటికే పోగుపడ్డాయి అంటారు హారిసన్, లెనన్‌తో. అవన్నీ ఒక్కచోట పెడితే ఎలా ఉంటాయో వినాలనుంది, ఒక ఆల్బమ్ చేసుకుంటాను అంటారు. గొంతులో ఫిర్యాదు లేదు. సెలవు చీటీ అడిగే గుమాస్తా వినయం లాంటిది వినిపిస్తుంది. లెనన్‌కు ఆ ఆలోచన నచ్చింది కూడా. ఆ సెప్టెంబరులో ముగ్గురూ కూర్చున్న ఒక సమావేశం టేపులో లెనన్ కొత్త పంపకం ప్రతిపాదించారు. తనకు నాలుగు, పాల్‌కు నాలుగు, జార్జ్‌కు నాలుగు. ఈ ఆల్బమ్ వరకూ జార్జ్ పాటలు అంత బాగుండేవి కావని మెకార్ట్‌నీ అభ్యంతరం. ఆయనన్న 'ఈ ఆల్బమ్' 'ఆబీ రోడ్'. అందులో హారిసన్ పాటలు రెండే, 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్'. ఆ ఆల్బమ్‌లో ఈనాటికీ ఎక్కువమంది నోట నలిగేవి ఆ రెండే కావడం కాలం చెప్పిన తీర్పు.

1970 ఏప్రిల్ 10న మెకార్ట్‌నీ ప్రకటనతో బీటిల్స్ కథ ముగిసింది. లోకం దుఃఖించింది. హారిసన్‌కు మాత్రం తలుపు తెరుచుకుంది. మే 26న ఆయన ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో అడుగుపెట్టారు. ఇన్నాళ్ళూ తన పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఇంటికే ఈసారి యజమానిలా వచ్చారు. మొదటి రోజు రింగో స్టార్ డ్రమ్స్, క్లౌస్ వూర్మన్ బాస్ గిటార్ తోడుగా 15 పాటలు వినిపించారు. మర్నాడు నిర్మాత ఫిల్ స్పెక్టర్ కోసం ఒంటరిగా కూర్చుని మరో 15 పాడారు. రెండు రోజుల్లో 30 పాటలు. నిండిన గాదె తలుపు తీసినట్టు రాలిపడ్డాయి.

వాటిలో 'ఈజంట్ ఇట్ ఎ పిటీ' 1966లో రాసినది. బీటిల్స్‌కు పనికిరాదనిపించుకున్నది. ఆల్బమ్‌కు పేరిచ్చిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' పాటను ట్వికెన్‌హామ్‌లో నలుగురూ కొన్నాళ్ళు సాధన చేసి వదిలేశారు. సూర్యోదయం కలకాలం ఉండదు, సంధ్య కూడా ఉండదు, ఏదైనా గడిచిపోయేదే అనే అర్థం. మన తత్వాలు, శతకాల మధ్య పెరిగినవారికి కొత్త మాటేం కాదు. కొత్తేమిటంటే, ప్రపంచంలోకెల్లా పేరుమోసిన సంగీత బృందం చెదిరిపోతున్న వేళ, లోపలి మనిషే ఆ మాట అనడం. అదీ పంతంతో కాకుండా నెమ్మదిగా.

రికార్డింగ్ సజావుగా సాగలేదు. ఎరిక్ క్లాప్టన్, బిల్లీ ప్రెస్టన్, బ్యాడ్‌ఫింగర్ బృందం, నాష్‌విల్ నుంచి పెడల్ స్టీల్ గిటారిస్టు పీట్ డ్రేక్, ఇలా స్టూడియో నిండా మంది. కొన్ని పాటలకు ఒకేసారి ఇద్దరు డ్రమ్మర్లు, కీబోర్డుల మీద ఇద్దరు ముగ్గురు. స్పెక్టర్ పద్ధతి అది. ఒకే శ్రుతిని పదిమంది చేత వాయించి, వాటి ప్రతిధ్వనులన్నీ కలిసి గోడలా నిలబడేలా చేస్తారు. ఆ స్పెక్టర్ తాగుడు ముదిరి, స్టూడియోలో పడి చెయ్యి విరగ్గొట్టుకుని, పని మధ్యలో అమెరికా వెళ్ళిపోయారు. మిగతా భారం హారిసన్ మీద పడింది. ఈలోగా అటు లివర్‌పూల్ ప్రాంతంలో తల్లి లూయీస్ క్యాన్సర్‌తో మంచాన పడ్డారు. గిటార్ పట్టిన తొలినాళ్ళలో కొడుకును వెన్నుతట్టిన తల్లి. లండన్‌లో పాట, ఉత్తరాన ఆస్పత్రి. ఆమె జూలై 7న కన్నుమూశారు. కొడుకు ఆల్బమ్ ఆమె వినలేదు.

1970 నవంబరు చివర్లో మూడు ఎల్పీల పెట్టెగా ఆల్బమ్ బయటికొచ్చింది. మొదటి రెండు రికార్డుల్లో 18 పాటలు. వాటిలో 'ఈజంట్ ఇట్ ఎ పిటీ' రెండు రూపాల్లో ఉంది. ఒకసారి కాదన్న పాటను రెండుసార్లు వినిపించడంలో కాస్త కసి ఉందేమోననిపిస్తుంది. మూడో రికార్డు 'ఆపిల్ జామ్' మిత్రులంతా సరదాగా వాయించుకున్నది. నిజం చెప్పాలంటే అది లేకపోయినా లోటు లేదు. ఆకలితో ఉన్నవాడు వడ్డించుకున్నప్పుడు విస్తరి పట్టనంత పెట్టుకుంటాడు, అలాంటిది.

ఈ ఆల్బమ్‌లో మొదట చెవిని పట్టేది గిటార్. వేలికి గాజు గొట్టం తొడిగి తీగల మీద జార్చే 'స్లైడ్' పద్ధతిని ఆయన 1969 చివర్లో ఒక యూరప్ పర్యటనలో మొదలుపెట్టారు. అమెరికా నల్లజాతి బ్లూస్ కళాకారుల చేతిలో అది గుండెలోని గరగర. హారిసన్ చేతిలో వేరుగా పలుకుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి మెట్లు దిగినట్టు కాకుండా జారుతూ చేరుకోవడం, చేరాక కాస్త వణికి నిలవడం, గోటువాద్యం విన్న తెలుగువారికి పరిచయమైన తీరే. సితార్‌లో విద్వాంసుడు కాలేకపోయిన మనిషికి, గురువు దగ్గర కూర్చున్న ఆ రెండు మూడేళ్ళు వృథా పోలేదు. గమకం గిటార్‌లోకి వచ్చి చేరింది. గొప్ప గిటారిస్టులు వేగంతో మెప్పిస్తారు. హారిసన్ గిటార్ పాడుతుంది.

ఇక 'మై స్వీట్ లార్డ్'. ఈ పాటను పాశ్చాత్య విమర్శకులు గాస్పెల్ అన్నారు, పాప్ అన్నారు. తెలుగు చెవికి అది సూటిగా భజన. ఒకరు ముందు అంటే వెనక పదిమంది అందుకోవడం, అదే మాట తిరిగి తిరిగి రావడం, పోను పోను శ్రుతి పైకెక్కడం. వెనక గొంతులు మొదట హల్లెలూయా అంటుంటాయి. శ్రోత హాయిగా తలూపుతున్నప్పుడు ఎక్కడో ఒకచోట అవి హరేకృష్ణ అయిపోతాయి. చివరికొచ్చేసరికి మన బడిపిల్లలు ప్రార్థనలో చదివే గురుస్తుతి శ్లోకం వినిపిస్తుంది. రెండు మాటలూ ఒకటేనని చెప్పడమే తన ఉద్దేశమని హారిసన్ తర్వాత వివరించారు. ఆల్బమ్ మీద ఆ బృందగానం 'జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్'దని రాశారు. అలాంటి బృందమేదీ లేదు, హారిసనే తన గొంతును పొరలు పొరలుగా రికార్డు చేసి పెట్టిన పేరది. వాటా కోసం అన్నేళ్ళు నిరీక్షించిన మనిషి చివరికి తన వెనక తానే కోరస్ పాడుకున్నారు.

పాట అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం అందుకుంది. మాజీ బీటిల్స్ సభ్యుల్లో ఆ ఘనత ముందుగా దక్కింది మూడోవాడికే. ఆల్బమ్ అమెరికాలో ఏడు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. బ్రిటన్‌లో నాలుగో స్థానం దాటలేదని 35 ఏళ్ళపాటు రికార్డు పుస్తకాల్లో ఉండిపోయింది. 1971 మొదట్లో తపాలా ఉద్యోగుల సమ్మెతో దుకాణాల అమ్మకాల లెక్కలు చేరలేదని గుర్తించి, 2006లో ఆ పొరపాటు సరిదిద్దారు. ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉన్నట్టు తేలింది. అప్పటికి హారిసన్ చనిపోయి నాలుగేళ్ళు దాటింది.

పాట మొదటి స్థానంలో ఉండగానే మరో కబురు వచ్చింది. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'హీజ్ సో ఫైన్' బాణీకి ఇది నకలంటూ బ్రైట్ ట్యూన్స్ సంస్థ 1971 ఫిబ్రవరిలో దావా వేసింది. ఆ పాట కట్టిన రానీ మాక్ అనే యువకుడు అది హిట్టయిన ఏడాదే చనిపోయాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వింటే పోలిక ఎవరికైనా తెలుస్తుంది, అందులో మొహమాటపడాల్సింది లేదు. 'ఓ హ్యాపీ డే' అనే గాస్పెల్ పాట తనకు స్ఫూర్తి అని హారిసన్ చెప్పుకున్నారు. కోర్టులో గిటార్ పట్టుకుని పాట ఎలా పుట్టిందో వివరించాల్సి వచ్చింది. 1976 ఆగస్టు 31న న్యూయార్క్ న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ తీర్పు చెప్పారు. కావాలని దొంగిలించలేదు, కానీ అంతశ్చేతనలో ఆ బాణీ ఉండి అదే బయటికొచ్చింది, అదైనా ఉల్లంఘనే.

వింతేమిటంటే, కేసు మొదట్లో హారిసన్ పక్షాన మాట్లాడిన మేనేజర్ అలెన్ క్లైన్ ఆ తర్వాత ఎదుటిపక్షం సంస్థ హక్కులనే కొనేశారు. 1981లో కోర్టు ఆ పోకడను తప్పుపట్టి, కొన్న ధర 5,87,000 డాలర్లే పుచ్చుకుని హక్కులు హారిసన్‌కు అప్పగించమంది. తగవు తాలూకు లెక్కలు 1990ల దాకా సాగాయి. దేవుణ్ణి చూడాలని ఉందని పాడిన పాటకు ఇరవై ఏళ్ళ వ్యాజ్యం. ఆ తర్వాత పాట కట్టాలంటేనే జంకు పుట్టిందని హారిసన్ చెప్పుకున్నారు. పాట ఎక్కడినుంచి వస్తుందో పాట కట్టేవాడికి తెలియదు. మన త్యాగరాజు నుంచి సినిమా సంగీత దర్శకుల దాకా విన్నదంతా ఎక్కడో లోపల నానుతూనే ఉంటుంది. దాన్ని కోర్టు ఎదుట రుజువు చేయడం ఎవరి తరం?

కానీ అంతకుముందు ఒక మంచి రోజు ఉంది. 1971 ఆగస్టు 1. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షల్లో మనదేశంలోకి వస్తున్న రోజులు. ఏదైనా చేయగలమా అని రవిశంకర్ అడిగితే, కొన్ని వారాల్లోనే హారిసన్ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ కోసం రెండు కచేరీలు ఏర్పాటు చేశారు. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు రవిశంకర్. వాళ్ళ తర్వాత హారిసన్ వేదికెక్కారు. ఆయన ఎత్తుకున్న మొదటి పాట 'వా-వా'. రెండున్నరేళ్ళ కిందట ఇంటికెళ్ళి ఒంటరిగా రాసుకున్న తలనొప్పి పాట. ఈసారి పక్కన డ్రమ్స్ మీద రింగో ఉన్నారు, వెనక పెద్ద కోరస్ ఉంది, ఎదురుగా వేలమంది.

ఆ తర్వాత హారిసన్ చాలా ఆల్బమ్‌లు చేశారు. 1973 నాటిది అమెరికాలో మొదటి స్థానం కూడా చూసింది. 1974లో గొంతు బొంగురుపోయినా పర్యటన మానక విమర్శకుల చేతిలో దెబ్బలు తిన్నారు. మంచి పాటలు తర్వాతా ఉన్నాయి, అక్కడక్కడా. కానీ అలాంటి పెట్టె మరొకటి రాలేదు. ఏళ్ళ తరబడి పోగై, గదిలో ఇద్దరు దిట్టల కళ్ళ ముందు ఒరిపిడికి నిలిచిన పాటలు అవి. వాటా అడ్డు తొలగిపోయాక ఆ ఒరిపిడి కూడా పోయింది. కావలసినంత స్వేచ్ఛ, కావలసినన్ని ఎల్పీలు, వద్దనేవాడు లేడు. తర్వాతి ఆల్బమ్‌లలో కొన్నిటిని వింటుంటే ఎవరైనా ఒక్కసారి వద్దని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆల్బమ్ అట్ట మీది బొమ్మ చాలామందికి గుర్తుంటుంది. నలుపు తెలుపు ఫోటో. హెన్లీలో కొత్తగా కొన్న ఫ్రయర్ పార్క్ భవంతి పచ్చికలో, రబ్బరు బూట్లు తొడుక్కుని, తోటపని చేసుకునే రైతులా హారిసన్ కూర్చుని ఉంటారు. చుట్టూ పచ్చికలో గడ్డాల మరుగుజ్జు బొమ్మలు పడి ఉంటాయి. అవి సరిగ్గా నాలుగు. 2001 జనవరిలో ఆల్బమ్‌ను మళ్ళీ విడుదల చేసినప్పుడు అదే ఫోటోకు రంగులద్ది, వెనక కాంక్రీటు భవనాలు, రోడ్లు మొలిపించారు. అందులోని ముందుమాటలో, ఇప్పుడు చేస్తే ఆ ప్రతిధ్వనులు కొంత తగ్గించేవాణ్ణని హారిసన్ రాసుకున్నారు. 'మై స్వీట్ లార్డ్'ను కొత్తగా పాడి జతచేశారు. స్వరాలు అక్కడక్కడా మార్చారు. గిటార్ పట్టిన వారిలో కొడుకు ధనీ ఒకరు. తండ్రి ఆయనకు ఆ పేరు పెట్టింది సరిగమపదనిలోని ధ, ని స్వరాల మీద. ఆ నవంబరు 29న, 58 ఏళ్ళ వయసులో, క్యాన్సర్‌తో హారిసన్ లాస్ ఏంజెలిస్‌లో చనిపోయారు.

యాభై ఏళ్ళ సందర్భంగా 2021లో ధనీ పర్యవేక్షణలో పాటలను మళ్ళీ మిక్స్ చేశారు. స్పెక్టర్ గోడను కూల్చలేదు, అలా కూల్చితే ఆల్బమే మిగలదు. ఇటుకలు కొన్ని తీశారు. ఇన్నాళ్ళూ వాద్యాల వెనక ఎక్కడో నిలబడి పాడుతున్నట్టుండే గొంతు ఇప్పుడు రెండడుగులు ముందుకొచ్చి వినిపిస్తుంది.